చలాన్ ఫొటోలో నా గుండు టైరు

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్న ముసురు పట్టిన రోజు సాయంత్రం ఆబిడ్స్‌లో ఆఫీసు నుంచి మలక్‌పేటలో ఇంటికి వస్తుంటే చాదర్‌ఘాట్ దగ్గర రెడ్ సిగ్నల్ పడింది. నేను రోజూలాగే బ్రేక్ వేశాను, బండి మాత్రం రోజూలాగా ఆగలేదు. వెనక చక్రం ఒక పక్కకి ఈడ్చుకుపోయి, జీబ్రా క్రాసింగ్ తెల్ల గీతల మీద సబ్బు ముక్క తొక్కినట్టు జారి, అడ్డంగా పోతున్న ఆటోకి మూరెడు దూరంలో ఆగింది. ఆటో అతను నన్నేమన్నాడో పేపర్లో రాసేది కాదు.

వారం తిరక్కుండా ఫోన్‌కి చలాన్ వచ్చింది, స్టాప్ లైన్ దాటినందుకు. ఫొటో తెరిచాను, వెనక నుంచి తీసింది. నంబర్ నాదేనా అని వేళ్ళతో పెద్దది చేసి చూస్తే ప్లేటు కింద టైరు కనపడింది, నడుమంతా నున్నగా, తిరుపతి నుంచి అప్పుడే దిగినవాడి గుండులా మెరుస్తోంది. ఇన్నేళ్ళు దాని మీదే ఊరంతా తిరిగాను, సర్వీసింగ్‌లో ఆయిల్ గురించి, చైను గురించి, చివరికి అద్దం గురించి కూడా గొడవపడ్డాను కానీ ఒక్కరోజు వంగి టైరు వంక చూడలేదు. తప్పు నాదే, చలాన్ కట్టేశాను. ఈ ఉత్తరం దాని గురించి కాదు.

ఆ జారుడుకి నెల ముందే పొల్యూషన్ సర్టిఫికెట్ తీసుకున్నాను. రోడ్డు పక్క వ్యాను, అందులోంచి దిగిన కుర్రాడు సైలెన్సర్‌లోకి గొట్టం తోసి, బండి వెనక గొంతుక్కూర్చుని నంబర్ ప్లేటు ఫొటో తీసి, కాగితం చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి ఆ కాగితం వెతికి చూస్తే అందులోనూ కింద అంచున అదే గుండు. అతన్ని అనడానికేం లేదు, అతని పని పొగ చూడటం. కానీ ఒక్కసారి ఆలోచించండి, బండికి జానెడు దూరంలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు, ముక్కుకి ఎదురుగా టైరు ఉంది, చేతిలో కెమెరా ఉంది, అయినా దాన్ని చూడటం ఎవరి పనీ కాదు. సొంత బైకు అయితే రిజిస్ట్రేషన్ చేయించాక మళ్ళీ 15 ఏళ్ళకు రెన్యువల్ అప్పుడే ఆర్టీఓ ఆఫీసు ముఖం చూసేది. ఈలోగా ఎన్ని టైర్లు అరగాలి?

అలాగని రూలు లేక కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 94వది టైర్ల గురించే. బైకులకీ ఆటోలకీ టైరు మీద గాడి లోతు 0.8 మిల్లీమీటర్లకు తగ్గకూడదు, మిగతా బండ్లకు 1.6. 0.8 అంటే ఎంత అని మా ఆఫీసులో నలుగురిని అడిగితే నలుగురూ వేళ్ళతో గాలిలో కొలత చూపించారు. మీ జేబులో ఏటీఎం కార్డు మందం ఇంచుమించు అంత. కార్డును గాడి పక్కన పెట్టి చూడండి, గాడి లోతు ఆ మందం పాటి కూడా లేకపోతే ఇక చెప్పేదేముంది. నిజానికి అంత దాకా ఆగడం కూడా ఎక్కువే, వానాకాలం ముందైతే అస్సలు ఆగకూడదు.

కార్డు కూడా అక్కర్లేదు, తయారుచేసినవాడే గుర్తు పెట్టి ఇస్తాడు. టైరు పక్క గోడ మీద చిన్న త్రికోణమో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి. అక్కడి నుంచి నేరుగా పైకి వెళ్తే గాడి అడుగున చిన్న రబ్బరు దిమ్మ కనపడుతుంది. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ దిమ్మతో సమానమైతే టైరు పని అయిపోయినట్టే. ఇది నాకు చెప్పింది మా వీధి చివర పంక్చర్ షాపు కుర్రాడు. నా టైరు మీద అరచేత్తో ఒకసారి నిమిరి, "గిది టైరా అన్నా, బుగ్గనా?" అన్నాడు. తర్వాత అదే పక్క గోడ మీద నాలుగంకెలు చూపించాడు, 2319. అంటే 2019లో 23వ వారం, జూన్ మొదట్లో తయారైందన్నమాట. బండితో పాటు వచ్చిన టైరే. గోల్డు మీద హాల్‌మార్క్ చూసి, పాల ప్యాకెట్ మీద తేదీ చూసే మనం ప్రాణం మోసే దాని మీద తేదీ ఉంటుందనే ఎరగం. గాడి బాగానే ఉండి కూడా పక్క గోడ మీద ఎండిన చెరువులా సన్నటి పగుళ్ళు వచ్చాయా, ఎక్కడైనా కురుపులా ఉబ్బిందా, అదీ తీసేయాల్సిందే. ఉబ్బినదాన్ని అయితే ఆ రోజే.

ఎండాకాలంలో గుండు టైరుతో ఏమీ తెలియదు, అదే దీంతో చిక్కు. పొడి రోడ్డు మీద నున్నటి రబ్బరు బాగానే పట్టుకుంటుంది. గాడి పని నీళ్ళను పక్కకి తోయడం. మొదటి వానకి రోడ్డు మీద నెలల తరబడి పేరుకున్న ఆయిలూ దుమ్మూ కలిసి జిడ్డుగా తేలుతాయి, ఆ పైన ఫ్లైఓవర్ జాయింట్ల ఇనప పట్టీలు, మ్యాన్‌హోల్ మూతలు, తెల్ల పెయింటు. అరిగిన హవాయి చెప్పులతో తడి బాత్రూంలోకి వెళ్ళమంటే మా ఆవిడ వెళ్ళనివ్వదు, అదే నేను రెండు అరిగిన చక్రాల మీద మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద నీళ్ళలోంచి వెళ్తుంటే మాత్రం వెనక కూర్చుని వచ్చేది, పాపం తనకేం తెలుసు.

ఇక నేను అడిగేది. కొత్త చలాన్ పెట్టమని మాత్రం అడగను, అవి చాలినన్ని ఉన్నాయి. పొల్యూషన్ చెక్ చేసేవాళ్ళకి ఒక్క అర నిమిషం పని పెంచండి, ముందు టైరు, వెనక టైరు చూసి "బాగుంది" లేదా "మార్చాలి" అని అదే కాగితం మీద ముద్ర వేయమనండి. మార్చాలి అని ఉంటే నెల గడువు ఇవ్వండి. పొద్దస్తమానం తిరిగే డెలివరీ కుర్రాళ్ళకి ఇంకో మాట, వాళ్ళ టైర్లు మన వాటికంటే రెండు మూడు రెట్లు తొందరగా అరుగుతాయి, ఆర్డరు ఎన్ని నిమిషాల్లో అందిందో లెక్కపెట్టే కంపెనీలు టైరు డబ్బులో సగమైనా పెట్టుకోవాలి. నాకు పుత్లీబౌలిలో వెనక టైరు ఒక్కటే బిగింపుతో కలిపి 1,900 అయింది. నెలాఖరుకి అది చిన్న మొత్తం కాదని నాకూ తెలుసు.

చిన్న మొత్తం కాదు కాబట్టే ఇంకో దుకాణం నడుస్తోంది. అరిగిన టైరు మీద వేడి బ్లేడుతో మళ్ళీ గాట్లు కోసి, నల్ల రంగు పూసి, సగం ధరకి అమ్మడం. చూడటానికి కొత్తదే. కానీ కోసింది ఉన్న ఆ కాస్త రబ్బరునే, దాని కింద దారాల పొర దాదాపు బయటపడి ఉంటుంది, మేకు గుచ్చుకోవాల్సిన పని కూడా లేదు, గులకరాయి చాలు. అధికారులు ఎవరినైనా పట్టుకోదలిస్తే ముందు వీళ్ళని పట్టుకోవాలని నా అభిప్రాయం. కొనేవాళ్ళు ఆ నాలుగంకెలు చూసుకుంటే సగం మోసం అక్కడే తేలిపోతుంది.

కొత్త టైరు వేయించుకున్నవాళ్ళు మొదటి వంద కిలోమీటర్లు మెల్లగా వెళ్ళండి, కొత్త రబ్బరు కూడా జారుతుంది. గాలి వారానికోసారి, బండి వేడెక్కకముందు, చైను కవరు మీదో పుస్తకంలోనో రాసినంతే పట్టించండి. నా బండికి ముందు 25, వెనక 29. బంకులో కుర్రాడు అడక్కుండా రెంటికీ 35 కొడతాడు, ఆపండి.

తీసేసిన పాత టైరు ఇప్పుడు మా మేడ మీద ఉంది. దాంట్లో వాననీళ్ళు నిలిచి దోమలు గుడ్లు పెడుతున్నాయని మా ఆవిడ రోజూ అంటోంది, భోగి మంటలో వేద్దామని మా అబ్బాయి అంటున్నాడు, ఆ నల్ల పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుందో వాడికి చెప్పి వద్దన్నాను. పాత టైర్ల రీసైక్లింగ్ బాధ్యత తయారుచేసే కంపెనీలదేనని 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. మంచిదే. మరి మలక్‌పేటలో ఒక్క టైరు పట్టుకుని నేను ఎవరి గుమ్మం ముందు నిలబడాలో సంబంధిత శాఖవాళ్ళు మీ పత్రిక ద్వారానే చెప్తే, ఈ ఆదివారమే వెళ్ళి ఇచ్చి వస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
మలక్‌పేట, హైదరాబాద్