మౌస్ వాళ్ళ చేతిలోనే ఉండనివ్వు

నాన్నా,

నిన్న ఫోన్లో నువ్వు చెబుతున్నంతసేపూ ఊఁ కొడుతూనే ఉన్నాను కానీ, పెట్టేశాక నిద్ర పట్టలేదు. "ఒకే వీడియో లింకు మూడుసార్లు పంపానమ్మా, ఆ ప్రొఫెసర్ గారు మళ్ళీ అదే అడుగుతారు. పీహెచ్‌డీ చేసినాయనకి ఒక ఫైల్ ఎక్కించడం రాదా?" అన్నావు. ఆ మాట నాకు తగిలింది. ఆయన కూర్చున్న కుర్చీలో నేనూ కూర్చున్నాను మరి. నీకు ఎప్పుడూ చెప్పలేదు, అప్పట్లో నువ్వు నీ పరీక్షల గొడవలో ఉన్నావు. ఫోన్లో చెబితే మధ్యలో "సరేలే అమ్మా" అంటావని రాస్తున్నాను.

మా యూనివర్సిటీలో ఆన్‌లైన్‌లో పాఠాలూ పరీక్షలూ నడిపే ప్లాట్‌ఫామ్ మార్చినప్పుడు మాకూ ట్రైనింగ్ పెట్టారు, ఇప్పుడు నువ్వు మీ టీచర్లకి పెడుతున్నట్టే. పెద్ద హాలు, రెండు గంటలు. చూపించడానికి వచ్చిన అబ్బాయి చకచకా నొక్కుకుంటూ పోయాడు. ఇక్కడ డిస్కషన్లు, ఇక్కడ బ్యాడ్జీలు, ఇక్కడ రిపోర్టులు. నేను బుద్ధిగా నోట్‌బుక్‌లో రాసుకున్నాను, ఎడమవైపు మూడో బటన్, ఆ తర్వాత పైన చక్రం బొమ్మ అని. ఇంటికొచ్చి లాగిన్ అయితే ఎడమవైపు మూడో బటన్ వేరే ఏదో ఉంది. చక్రం బొమ్మ అసలు లేనే లేదు. గంటసేపు వెతికాను. చాలా రోజులకి తెలిసింది, అతను చూపించింది అడ్మిన్ లాగిన్‌తో, మాకిచ్చింది టీచర్ లాగిన్ అని. వాళ్ళకి కనిపించే బటన్లు చాలావరకు మాకు కనిపించవట. ఆ ఒక్క ముక్క ఆ హాల్లో ఎవరూ చెప్పలేదు. నేనేమో నా బుర్రే మందగించిందనుకున్నాను. ఇరవై రెండేళ్ళు పాఠం చెప్పినదాన్ని, "బటన్ కనిపించడం లేదండీ" అని ఒక కుర్రాడికి మెయిల్ రాయడానికి చెయ్యి రాలేదు.

కాబట్టి మూడుసార్లు అడిగిన మీ ప్రొఫెసర్ గారు నయం. అడగనివాళ్ళ గురించి భయపడు. వాళ్ళు లోపల కుతకుతలాడుతూ, పైకి "నాకు బోర్డే బాగుంటుంది" అంటారు.

ఇంకో సంగతి. ఇది చివరి మార్పు, ఇక దీనితోనే ఉంటాం అని మాత్రం వాళ్ళకి చెప్పకు. నవ్వుతారు. మా తరంవాళ్ళు ఇలాంటివి ఎన్ని చూశారో నీకు తెలియదు. 1990ల మధ్యలో కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో ముర్రే గోల్డ్‌బర్గ్ అనే కంప్యూటర్ సైన్స్ టీచరు తన క్లాసు కోసం మొదలుపెట్టినది వెబ్‌సీటీ. ఎన్నో దేశాల్లో వాడారు. 2006లో బ్లాక్‌బోర్డ్ అనే కంపెనీవాళ్ళు దాన్ని కొనేశారు, కొన్నేళ్ళకి పేరు కూడా మాయమైంది. 2002లో ఆస్ట్రేలియా నుంచి మార్టిన్ డుగియామస్ చేసిన మూడుల్ వచ్చింది. 2011లో క్యాన్వాస్. ఒక్కోసారీ మా కోర్సులు మూట కట్టుకుని బయలుదేరాల్సిందే. మూడోసారి మూట కట్టేవాడికి "ఇది చాలా సులువండీ" అని చెబితే ఒళ్ళు మండుతుంది.

దీన్ని ఇల్లు మారడంతో కూడా పోల్చకు, మీ ఆఫీసువాళ్ళు పోస్టరు మీద అదే వేసి ఉంటారు. ఇల్లు మారితే మన సామాను మనమే సర్దుకుంటాం. ఇక్కడ ఎవరో రాత్రికి రాత్రి సర్దేసి వెళ్ళిపోతారు. పొద్దున లేస్తే కత్తెర ఎక్కడుందో తెలియదు, ఉందో లేదో కూడా తెలియదు.

నా కత్తెర కథ చెబుతాను, ఓపిగ్గా చదువు.

స్టాటిస్టిక్స్‌లో ఒకవైపు పరీక్ష అనే లెక్కకి 99 శాతం దగ్గర వాడే జడ్ విలువ అనే అంకె 2.326. పిల్లలు టేబుల్ చూసి 2.33 అని రాస్తారు. అది తప్పేమీ కాదు. అందుకని పాత ప్లాట్‌ఫామ్‌లో నా క్విజ్ ప్రశ్నలకి సమాధానం 2.326 అని ఇచ్చి, 0.01 అటూ ఇటూ ఉన్నా ఒప్పుకోమని పెట్టుకున్నాను. అలాంటి అంకెల ప్రశ్నలు వందకి పైగా ఉండేవి. ఏళ్ళ తరబడి, ఏ ప్రశ్న దగ్గర పిల్లలు ఎలా రాస్తారో చూసి, ఒక్కోదానికి ఎంత తేడా ఒప్పుకోవాలో దిద్దుకుంటూ వచ్చాను. కొత్తదానిలోకి ప్రశ్నలు వచ్చాయి. సమాధానాలు వచ్చాయి. ఆ 0.01 రాలేదు. సున్నా అయిపోయింది.

నాకెలా తెలుస్తుంది? తెరిచి చూస్తే ప్రశ్నలన్నీ వరుసగా, నీటుగా ఉన్నాయి. పరీక్ష పెట్టాను. రాత్రి తొమ్మిదింటికి మొదటి మెయిల్, "మేడమ్, 2.33 తప్పా?" అని. పదకొండింటికల్లా ఇన్‌బాక్స్ నిండిపోయింది. ఒక పిల్ల రాసిన మాట ఇప్పటికీ గుర్తుంది, "క్లాసులో మీరే 2.33 రాయమన్నారు కదా మేడమ్" అని. ఎంత టెన్షన్ పడ్డానో! తప్పు చేసింది ఏ సాఫ్ట్‌వేరో కావచ్చు, ఆ పిల్ల కళ్ళకి మాత్రం మాట తప్పింది నేను. మర్నాడు ఆఫీసుకి ఫోన్ చేస్తే, "ప్రశ్నలు వచ్చాక ఒకసారి సరిచూసుకోవాలని గైడ్‌లో ఉంది మేడమ్" అన్నారు. ఉంది నిజమే. పదకొండో పేజీలో, అడుగున.

ఆ రోజు మధ్యాహ్నం ఒక అమ్మాయి నా గదికి వచ్చింది. నీ వయసే ఉంటుంది. లాప్‌టాప్ తన వైపుకి లాక్కుంటుందని నేనే పక్కకి జరిగాను. తను లాక్కోలేదు. కుర్చీ తెచ్చుకుని నా కుడిపక్కన కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఏ ప్రశ్న ముందు చూద్దాం మేడమ్? మీరు తెరవండి" అంది. నేను తప్పు చోట నొక్కాను. ఏమీ అనలేదు. వెనక్కి వచ్చి ఇంకో తప్పు చోట నొక్కాను. అప్పుడు మాత్రం "పేరు మీద కాదండీ, పక్కన మూడు చుక్కలున్నాయి చూడండి" అంది. రెండో ప్రశ్నకి ఆ చుక్కలు నేనే వెతుక్కున్నాను. నాలుగో దానికి చూడకుండానే చెయ్యి అక్కడికి పోయింది. పద్దెనిమిది ప్రశ్నలు అలా దిద్దాం. తనే చేసి ఉంటే పది నిమిషాల పని, మాకు ముప్పావుగంట పట్టింది. మిగతా ప్రశ్నలు ఆ వారంలో నేనే దిద్దుకున్నాను, ఒక్క ఫోన్ చేయలేదు. అందరి పేపర్లూ మళ్ళీ ఒకేసారి దిద్దించే బటన్ ఉంటుందని చూపించి, దాన్నీ నా చేతే నొక్కించింది.

లేచి వెళ్ళబోతూ, "ఒకసారి విద్యార్థికి ఎలా కనిపిస్తుందో చూద్దామా?" అంది. చూస్తే ఆ తర్వాతి వారం పాఠాలు వాళ్ళకి అసలు కనిపించడమే లేదు, నేను పబ్లిష్ చేయలేదు. నా కళ్ళకి అన్నీ ఉన్నట్టే కనిపించాయి మరి. విద్యార్థికి ఎలా కనిపిస్తుందో చూపించే ఆ ఒక్క బటన్ మొదటి రోజే చూపించి ఉంటే చాలా గొడవలు తప్పేవి.

నీ ట్రైనింగ్ స్లైడ్లు పంపావు కదా, నలభై రెండూ చూశాను. బాగున్నాయి. కానీ ప్లాట్‌ఫామ్‌లో ఏమేం ఉన్నాయో అన్నీ ఉన్నాయి గాని, సోమవారం తొమ్మిదింటికి క్లాసున్న టీచరుకి ఏం కావాలో లేదు. వాళ్ళని ముందు ఒకటి అడుగు, "మొదటి వారం మీ పిల్లలు ఏం తెరవాలి?" అని. ఒక సిలబస్, ఒక రీడింగ్, ఒక అసైన్‌మెంట్ అంటారు. ఆ మూడూ వాళ్ళ అసలు కోర్సులోనే, వాళ్ళ చేతే పెట్టించు. నమూనా కోర్సులో నేర్పింది నమూనా కోర్సులోనే ఉండిపోతుంది. బ్యాడ్జీల సంగతి అడిగినవాళ్ళకే చెప్పు. నన్నడిగితే ఎవరూ అడగరు.

మార్కుల గురించి మాత్రం అడక్కపోయినా చెప్పు. పాఠాలూ ప్రశ్నలూ ఒక ప్లాట్‌ఫామ్ నుంచి ఇంకోదానికి తీసుకెళ్ళడానికి కామన్ కార్ట్రిడ్జ్ అని ఒక పద్ధతి ఉందని నువ్వే చెప్పావు. అందులో పాత విద్యార్థులు పెట్టిన పేపర్లు రావు, మార్కులు రావు. ఈ సంగతి మీకు ఎంత తెలిసిందంటే, చెప్పాలని కూడా తోచదు. టీచర్లు "అన్నీ వస్తాయి" అని విని నిజంగా అన్నీ వస్తాయనుకుంటారు. రెండేళ్ళ తర్వాత ఏ కుర్రాడో రికమెండేషన్ లెటర్ కోసం వస్తే అప్పుడు వెతుక్కుంటారు. పాతది ఏ తేదీన మూసేస్తారో ఆ తేదీ ప్రతి మెయిల్‌లోనూ మొదటి వాక్యంగా పెట్టు. గ్రేడ్‌బుక్, అంటే మార్కుల పట్టిక, దించుకోమన్నప్పుడు ఇంకోటి కూడా చెప్పు, సున్నాతో మొదలయ్యే రోల్ నంబర్లుంటే ఆ ఫైల్‌ని ఎక్సెల్‌లో నేరుగా తెరిచి సేవ్ చేయొద్దని. ముందున్న సున్నా ఎగిరిపోతుంది, తర్వాత ఎవరి మార్కులు ఎవరివో జత కుదరవు. ఈ సున్నాల జ్ఞానం నాకు ఊరికే రాలేదు, అది ఇంకో కథ.

మొత్తం మార్కులు ఎలా లెక్క వేస్తుందో కూడా వాళ్ళ పక్కన కూర్చుని ఒక్క విద్యార్థి పేరు మీద చూపించు. ఇవ్వని అసైన్‌మెంట్లని సున్నాగా లెక్కించకుండా వదిలేసే ప్లాట్‌ఫామ్‌లు ఉన్నాయి. నవంబరు దాకా పిల్లవాడికి 92 కనిపిస్తుంది, ఖాళీల్లో టీచరు సున్నాలు వేయగానే 60కి పడుతుంది. వాడు వచ్చి "నా మార్కులు ఎందుకు తగ్గించారు" అంటాడు. ఎవరిని అంటాడు? నిన్ను కాదు కదా.

ఇంతా రాశానని, అందరూ పాపం అమాయకులే అని నేననడం లేదు. వినని మొండివాళ్ళూ ఉన్నారు. నీకేం తెలుసు, వాళ్ళతో స్టాఫ్‌రూమ్ పంచుకున్నదాన్ని నేను. వాళ్ళ కోర్సు నువ్వు రాత్రి కూర్చుని తయారుచేసి పెట్టకు. ఒకసారి చేశావంటే ప్రతి సెమిస్టరూ నీ మెడకే. ఎక్కేవాణ్ణి ఎంతని ఎగదోస్తాం? రెండుసార్లు పిలువు, మూడోసారి వాళ్ళ హెచ్‌ఓడీకి చెప్పి నీ పని చూసుకో. సెమిస్టరు మధ్యలో మార్చేద్దామని పైవాళ్ళు అంటే మాత్రం ఊరుకోకు. ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు, నేనేం మాట్లాడతాను అనకు. అడ్డుపడితే వచ్చే ఇబ్బంది ఒక మీటింగే, ఊరుకుంటే సెమిస్టరంతా మెయిళ్ళు.

ఆ ప్రొఫెసర్ గారికి నాలుగోసారి లింకు పంపకు. ఆయన ఖాళీగా ఉండే గంట కనుక్కుని గదికి వెళ్ళు. ఏ ఫైల్ ఎక్కడం లేదో ఆయన్నే ఎక్కించమని పక్కన కూర్చో. నా అనుమానం, ఆయనకి ఎక్కించడం వచ్చు, ఎక్కాక అది ఎక్కడికి పోయిందో కనిపించడం లేదు. మీ వీడియోలో అది ఉందో లేదో చూడు.

అన్నట్టు, పోయినసారి నువ్వు వచ్చినప్పుడు, ఫోటోలన్నీ ఒకేసారి పిన్నికి ఎలా పంపాలని అడిగితే నా ఫోన్ లాక్కుని టకటకా నొక్కి "ఇంతే అమ్మా" అని ఇచ్చేశావు. ఇప్పటికీ ఒక్కోటే పంపుతున్నాను. ఈసారి వచ్చినప్పుడు నేర్పుదువుగాని. ఫోన్ మాత్రం ఇవ్వను.

అమ్మ