డోర్ ప్యాడ్ల పనిలో మార్పు: మా ఖాతాదారులకు మనవి

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వంటి పాత కార్లను విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు అప్పగించిన మీ అందరికీ నమస్కారం. టింకరింగ్, పెయింటు పూర్తయిన తరువాత కూడా డోర్ ప్యాడ్లు (తలుపు లోపలి వైపు రేకును కప్పే రెక్సిన్ తొడిగిన అట్టలు) ఎందుకు బిగించలేదని మీలో పలువురు అడుగుతున్నారు. ఈ పని చేసే పద్ధతిని మేము మార్చుకున్నాము. దానివల్ల ఆలస్యమూ ఖర్చూ రెండూ పెరుగుతాయి కనుక కారణాలు ముందుగానే మీకు తెలియజేయడం న్యాయమని భావిస్తున్నాము.

ప్యాడ్ పాడైతే కొత్తది వేయడంతో సమస్య తీరిపోదు. తలుపు అద్దానికి ఆనుకుని ఉండే రబ్బరు బీడింగు, ఫెల్టు (మెత్తటి పట్టీ) ఎంత బాగున్నా వాననీరు కొంత తలుపు లోపలికి దిగుతూనే ఉంటుంది. ఆ నీరు అడుగున ఉన్న సన్నటి రంధ్రాల గుండా బయటకు పోవాలి. ఇనుప రేకుకూ ప్యాడ్‌కూ మధ్య ఒక ప్లాస్టిక్ షీటు అతికి ఉండాలి. ఎప్పుడో అద్దం మరమ్మతు కోసం ప్యాడ్ విప్పినవారు ఆ షీటును చింపి పారేయడం, రంధ్రాలు మట్టితో పూడుకుపోవడం మేము తరచుగా చూస్తున్నాము. అప్పుడు రెక్సిన్ వెనుక ఉన్న హార్డ్‌బోర్డు, అది కలప పీచును అదిమి చేసినదే కాబట్టి, తడిని పీల్చుకుని అడుగు అంచు నుంచి ఉబ్బుతుంది, క్లిప్పులు పట్టే రంధ్రాలు చిరిగిపోతాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరదలో మునిగిన కార్ల సంగతి మరీ బాధాకరం. పైకి శుభ్రంగా కడిగి పెట్టినవాటిలో కూడా తలుపుల అడుగున ఒండ్రు గట్టిపడి ఉంది, దాని కింద రేకు తుప్పు పట్టింది.

అందువల్ల ఇకపై తడి ఆరని తలుపుకు కొత్త ప్యాడ్ బిగించము. ముందు తుప్పు గీకి, ప్రైమరు వేసి, రంధ్రాలు తెరిచి, ఫెల్టు మార్చి, మందమైన ప్లాస్టిక్ షీటు అతికించి, తలుపు మీద నీళ్లు పోసి చూస్తాము. షీటు ఇవతల చెమ్మ లేదని తేలిన తరువాతే ప్యాడ్ సంగతి.

ఇక ప్యాడ్ వెనుక అట్ట. హార్డ్‌బోర్డుకు బదులుగా తడిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్‌ను (భారతీయ ప్రమాణం ఐఎస్ 710) వాడాలని నిర్ణయించాము. అయితే ఇక్కడ మందం చాలా ముఖ్యం. పాత అట్ట సుమారు 3 మిల్లీమీటర్లు ఉంటుంది. గట్టిగా ఉంటుందని 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్ వేస్తే, దాని మీద ఫోమూ రెక్సినూ చేరేసరికి అద్దం దించే హ్యాండిల్ కడ్డీ తగినంత బయటకు రాదు, పిన్ను కూర్చోదు, క్లిప్పులు కూడా పట్టవు. పలుచటి మంచి ప్లైవుడ్ కోరినంత వెంటనే దొరకకపోవడమే ఆలస్యానికి ఒక కారణం. ప్లైవుడ్‌కు బదులు ప్లాస్టిక్ అట్ట వేయమని కొందరు సూచించారు. బెజవాడ మే నెల ఎండలో నిలిపిన కారులో అది క్లిప్పుల మధ్య వంగుతుందన్న అనుమానంతో మేము వాడటం లేదు. అదే ఎండను దృష్టిలో పెట్టుకుని, మామూలు సొల్యూషన్‌కు బదులు వేడిని తట్టుకునే జిగురును తీసుకున్నాము.

రెక్సిన్ మీది గీతల గురించి స్పష్టంగా చెప్పాలి. పాత ప్యాడ్లలో అనేకం వేడితో అచ్చు ఒత్తినవి, కుట్టినవి కావు. ఆ యంత్రం మా దగ్గర లేదు. కుట్టి ఇస్తే పని చక్కగానే ఉంటుంది కానీ అచ్చం పాతదానిలా ఉండదు, సూది రంధ్రాల దగ్గర తడి చేరే అవకాశమూ ఉంది. అసలు రూపమే కావాలనుకునేవారికి బయట ఒత్తించి తెప్పిస్తాము. అందుకు ఎక్కువ కాలం పడుతుంది. అట్ట కూడా పాత తరహా హార్డ్‌బోర్డే ఉండాలని కోరితే, అంచులతో సహా రెండు వైపులా వార్నిష్ పట్టించి వేస్తాము.

మీ పాత ప్యాడ్లను, అవి ఎంత ఉబ్బిపోయినా సరే, దయచేసి పారేయవద్దు. క్లిప్పుల, హ్యాండిళ్ల రంధ్రాల కొలతలకు వాటికి మించిన ఆధారం లేదు. పని పూర్తయ్యాక వాటిని మీకే తిరిగి ఇస్తాము. తలుపు లోపలి పనికీ ప్యాడ్‌కూ అంచనా విడివిడిగా రాసి ఇస్తాము, మీరు ఒప్పుకున్న తరువాతే మొదలుపెడతాము. పెళ్లికో ప్రయాణానికో కారు తొందరగా కావలసినవారు ప్లాస్టిక్ షీటు అతికించిన దశలోనే తీసుకువెళ్లి, ప్యాడ్లు సిద్ధమైనప్పుడు తిరిగి తీసుకురావచ్చు.