ఆ రెండు వందల గంటలకు హామీ ఎవరుంటారు?

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. మీ నిమ్మాడ దాటి హైవే మీద పలాస వైపు వస్తే మాది ఉద్దానం. ముప్పయ్యేళ్లు గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. ఈ ఉత్తరం నా దగ్గర చదువుకున్న ఒక అమ్మాయి గురించి. పేరు రాయను. ఊళ్లో ఇప్పటికే ఆ పిల్లను ‘విమానం’ అని పిలుస్తున్నారు, అది చాలు.

ఇంటర్ ఎంపీసీ మంచి మార్కులతో పాసై, పైలట్ అవుతానంది. వాళ్ల నాన్నకు ఎకరంన్నర జీడితోట ఉంది. ఆయన నవ్వేసి ఊరుకోలేదు, నన్ను వెంటబెట్టుకుని బ్యాంకుకు వెళ్లాడు. కమర్షియల్ లైసెన్సు రావాలంటే 200 గంటలు విమానం నడపాలి. మీ శాఖ కిందే ఉత్తరప్రదేశ్‌లో ఉన్న ఫుర్సత్‌గంజ్ పైలట్ శిక్షణ అకాడమీలో కూడా దానికి 45 లక్షల దాకా అవుతుంది. ఆ తర్వాత ఎయిర్‌బస్సో బోయింగో నడపాలంటే టైప్ రేటింగ్ కావాలి, అంటే ఆ రకం విమానానికి విడిగా శిక్షణ, అది మళ్లీ వేరే ఖర్చు. పైలట్ శిక్షణకు విద్యారుణం ఇవ్వొచ్చని బ్యాంకుల నిబంధనల్లోనే ఉంది. చిక్కల్లా ఏడున్నర లక్షలు దాటాక వస్తుంది, ఆస్తి తాకట్టు పెట్టాలి. వీళ్ల తోట డి-పట్టా భూమి, అంటే సర్కారు పేదలకు పంచి ఇచ్చినది.

"ఇది చెల్లదండీ" అన్నాడు మేనేజరు. అక్కడితో ఆగినా బాగుండేది. "ఆడపిల్లకు ఇంత అప్పు చేస్తే రేపు పెళ్లికేం మిగులుతుంది?" అని కూడా అడిగాడు. ఆయన చెడ్డవాడేం కాదు, మాకు టీ తెప్పించాడు. బయటికొచ్చాక ఆ తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. బస్సెక్కే ముందు మాత్రం, "పెళ్లికి అని అడిగితే ఊళ్లో ఎవరో ఒకరు అప్పిస్తారు మాస్టారూ" అన్నాడు.

మన దేశంలో పైలట్లలో సుమారు 15 శాతం ఆడవాళ్లే, ప్రపంచ సగటు 5 శాతం దగ్గరే ఉంది. ఈ మాట విన్నప్పుడల్లా నాకూ గర్వంగానే ఉంటుంది. కానీ లెక్కల మాస్టారిని కదా, ఆ 15 శాతంలో డి-పట్టా రైతుల కూతుళ్లు ఎందరో తెలుసుకోవాలనిపిస్తుంది. మీ శాఖ ఒకసారి లెక్క తీయిస్తే బాగుంటుంది.

మన దేశంలో తొలి మహిళా కమర్షియల్ పైలట్ ప్రేమ్ మాథుర్ 1947లో లైసెన్సు తెచ్చుకుంటే ఎనిమిది కంపెనీలు కాదన్నాయట. ఆడమనిషి నడుపుతోందంటే ప్రయాణికులు భయపడతారని ఒక సాకు. చివరికి ఉద్యోగమిచ్చింది మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్. ఇప్పుడు ఆడపిల్లవని మొహం మీదే అనేవాళ్లు తక్కువ. దస్తావేజులు అడుగుతారు.

విజయవాడలో పెరిగిన ఆనీ దివ్య 17 ఏళ్లకు ఫుర్సత్‌గంజ్‌లో చేరింది. ఇంగ్లీషు సరిగా రాక తోటివాళ్లు ఎగతాళి చేసినా నిలబడి, 30 ఏళ్లకే బోయింగ్ 777 కమాండర్ అయింది. మా అమ్మాయికి ఆమె కథ కంఠతా వచ్చు. హైదరాబాద్ పాతబస్తీలో బేకరీ పనివాడి కూతురు సయ్యదా సల్వా ఫాతిమా కూడా పైలట్ అయింది. ఆమెకు ఒక పత్రికా సంపాదకుడు చేయూతనిచ్చారు, తర్వాత తెలంగాణ ప్రభుత్వం డబ్బు మంజూరు చేసింది. సంతోషం. అయితే ప్రతి ఊళ్లోనూ అలాంటి పెద్దమనిషి దొరకాలి కదా!

నేను అడిగేది ఉచితంగా ఇమ్మని కాదు. విద్యాలక్ష్మి పథకంలో ఏడున్నర లక్షల వరకు రుణంలో 75 శాతానికి కేంద్రం హామీ ఉంటోంది. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థల్లో చేరే ఆడపిల్లలకు అలాంటి హామీనే పూర్తి ఫీజుకు ఇప్పించండి. డబ్బంతా ఒకేసారి ఇవ్వక్కర్లేదు. యాభై గంటలు పూర్తయితే ఒక విడత, లాగ్‌బుక్ చూసి ఇంకో విడత. అప్పుడు బ్యాంకుకూ టెన్షన్ తగ్గుతుంది. వానలకో, విమానాలు చాలకో కోర్సు నెలల తరబడి సాగితే ఆ వడ్డీ పిల్ల నెత్తిన పడకూడదు.

ఇంకోటి. గర్భం వస్తే పైలట్ కొన్ని నెలలు ఎగరకూడదు, మళ్లీ మెడికల్ పాసయ్యాకే కాక్‌పిట్. ఎగిరిన గంటలను బట్టి వచ్చే డబ్బులూ ఆగిపోతాయి. ఆ నెలల్లో వాయిదాలు కూడా ఆగాలి. 2021లో మీకు బిడ్డ పుట్టినప్పుడు పార్లమెంటు సమావేశాలకు సెలవు పెట్టినవారు, ఇది మీకు నేను వివరించాలా?

మా అమ్మాయి ఇప్పుడు శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతోంది. నావిగేషన్ పుస్తకం ఒకటి సెకండ్‌హ్యాండ్‌లో కొనుక్కుంది. మొన్న సెలవులకొచ్చి ఒక లెక్క చూపించింది: విమానం వేగం ఇంత, పక్కగాలి ఇంత, ముక్కు ఎన్ని డిగ్రీలు తిప్పితే దారి తప్పదు? వెక్టార్లే కదా అని కాగితం పట్టుకున్నాను. నేను బొమ్మ గీసేలోపే తను జవాబు చెప్పేసింది.

ఈసారి పలాస వచ్చినప్పుడు కబురు పెట్టించండి. తననూ, వాళ్ల నాన్ననూ, ఆ పట్టా కాగితాన్నీ వెంటబెట్టుకుని వస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు,
ఉద్దానం, శ్రీకాకుళం జిల్లా