లెన్సు తర్వాత కొందువుగాని, ముందు కిటికీ చూడు

తణుకు,
కార్తీక పౌర్ణమి వెళ్ళిన మూడో రోజు.

చి. అమ్మలుకి,

నాన్న దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో కెమెరా కొన్న సంగతి మీ అమ్మ వీధి మొత్తానికి చెప్పేసింది. "మా అమ్మాయి కూడా వాళ్ళ నాన్న దారే పట్టింది" అంటోంది. అది మెచ్చుకోలో దెప్పిపొడుపో ఇన్నేళ్ళ కాపురం తర్వాత కూడా నాకు తెలియడం లేదు.

మొన్న ఫోన్లో "నాన్నా, తర్వాత ఏ లెన్సు కొనను?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపు నీకేదో మీటింగు మొదలైపోయింది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను. జవాబు ముందే చెప్పేస్తా, తర్వాత చదివితే చదువు, లేకపోతే లేదు. ఏదీ కొనకు. ఆర్నెల్లు ఆగు. కెమెరాతో పాటు వచ్చిన ఆ 18-55 ఎంఎం జూమ్ లెన్సు నీకిప్పుడు ఎక్కువే. ఆర్నెల్ల తర్వాత కూడా చెయ్యి దురద పెడితే 50 ఎంఎం, ఎఫ్ 1.8 ఒకటి కొందువుగాని. చవకగా దొరికే లెన్సుల్లో అదొకటి. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ తెరుచుకుని వెలుగుని లోపలికి రానిస్తుంది. నేనే డబ్బులు పంపుతాను, మీ అమ్మకి చెప్పకు.

నువ్వు పంపిన పౌర్ణమి ఫోటోలు చూశాను. 212 ఉన్నాయి. నా లెక్కలో, రీలుకి 36 చొప్పున, దాదాపు ఆరు రీళ్ళు! అన్ని రీళ్ళు నేను ఒక పెళ్ళి మొత్తానికి కూడా వాడేవాణ్ణి కాదు. సరే, ఇప్పుడు ఖర్చు లేదు కాబట్టి నొక్కేస్తారు, తప్పు పట్టను. కానీ వాటిలో 211 ఫోటోలకి ఒకటే జబ్బు. కోనేటి మెట్ల మీద ఆడవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదులుతుంటే నువ్వు ఫ్లాష్ కొట్టావు. ముఖాలన్నీ సున్నం పూసినట్టు తెల్లగా, వెనకంతా నల్లగా వచ్చింది. దీపం వెలుగు ఎక్కడా లేదు. దీపాల పండగలో దీపాన్నే ఆర్పేశావు తల్లీ.

మిగిలిన ఆ ఒక్కటీ ఏదో చెప్పనా? అన్నిటికంటే చివర పంపావు చూడు, పరికిణీ వేసుకున్న పిల్లది. ఫ్లాష్ వెలగలేదు కాబోలు. కొంచెం షేక్ అయింది. అయినా దీపం వెలుగు కిందనుంచి గడ్డం మీద పడి, ముక్కు పక్కన చిన్న నీడ పడింది. ఆ పిల్ల ఊపిరి బిగబట్టి దొప్పని నీళ్ళలోకి వదులుతోందని చూసిన ఎవరికైనా తెలుస్తుంది. నువ్వు దాన్ని పనికిరానిదనుకుని ఉంటావు. నాకైతే మొత్తంలో ఫోటో అదొక్కటే.

అలాంటిది కావాలని తియ్యాలంటే ఎలాగో చెప్తా విను. ఫ్లాష్ మూసెయ్. ఐఎస్‌ఓ 3200 పెట్టు (కెమెరా వెలుగుని అందుకునే చురుకు అది), ఫోటోలో ఇసక చల్లినట్టు గింజలు కనిపిస్తాయని భయపడకు, రాత్రి ఫోటోకి కొంచెం గింజ అందమే. జూమ్ చెయ్యకు. నీ లెన్సు 18 దగ్గర ఎఫ్ 3.5 వరకూ తెరుచుకుంటుంది, 55కి లాగితే ఎఫ్ 5.6 దగ్గర ఆగిపోతుంది. అంటే జూమ్ చేసినందుకే సగం కంటే ఎక్కువ వెలుగు పోగొట్టుకుంటావు. దానికి బదులు రెండడుగులు ముందుకెయ్యి. షటర్ వేగం సెకనులో 1/60కి తగ్గకుండా చూసుకో. మోచేతులు రెండూ డొక్కలకి ఆనించి, ఊపిరి వదిలేటప్పుడు మెల్లగా నొక్కు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంచితే కెమెరా ఆ పసుపు వెలుగుని సరిచేస్తున్నాననుకుని ఎంతో కొంత చప్పగా చేసేస్తుంది. ఎండ బొమ్మ ఉన్న గుర్తు మీద పెడితే దీపం దీపంలా ఉంటుంది. ఇంకోటి, దీపం ఉన్న దూరంలో సగం దూరానికి ముఖం వస్తే దాని మీద పడే వెలుగు నాలుగింతలవుతుంది. కాబట్టి సెట్టింగులతో కుస్తీ పట్టే బదులు "కొంచెం దగ్గరగా పట్టుకో అమ్మా" అని అడగడం తేలిక. చున్నీలూ జుట్టూ మాత్రం జాగ్రత్త.

ఇక కిటికీ సంగతి. నాకు ఈ పని నేర్పిన గురువుగారు మొదటి నెల కెమెరా ముట్టుకోనివ్వలేదు. స్టూడియోలో ఉత్తరం వైపు కిటికీ ముందు ఒక స్టూలు వేసి, దాని మీద ఇత్తడి చెంబు పెట్టి, పొద్దున్నించీ సాయంత్రం దాకా దాని నీడ ఎటు పోతోందో చూడమనేవారు. నాకు ఒళ్ళు మండేది. కానీ ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో చాలావరకు నేరుగా ఎండ రాదనీ, వచ్చే వెలుగు మెత్తగా ఉంటుందనీ ఆ చెంబు వల్లే తెలిసింది. నీ ఫ్లాట్‌లో ఏదో ఒక కిటికీ ఉంటుంది కదా. ట్యూబ్‌లైటు ఆపెయ్, రెండు రకాల వెలుగులు కలిస్తే ముఖం రంగు పాడవుతుంది. నీ స్నేహితురాలిని కిటికీకి ఒక బారెడు దూరంలో, పక్కకి తిరిగి కూర్చోబెట్టు. ఒక చెంప వెలుగులో, రెండో చెంప నీడలో ఉంటుంది. నీడ మరీ ముదురుగా ఉంటే అటువైపు తెల్ల థర్మోకోల్ షీటు ఒకటి పట్టుకో, స్టేషనరీ షాపులో దొరుకుతుంది. అదే మనిషిని, అదే కుర్చీలో, పొద్దున ఏడింటికీ పన్నెండింటికీ సాయంత్రం నాలుగున్నరకీ తియ్యి. మూడూ పక్కపక్కన పెట్టి చూశాక ఇంక ఏ లెన్సు అని నన్ను అడగవు.

మోడ్‌ల గురించి అడిగావు. మొత్తం మాన్యువల్‌లో తీస్తేనే ఫోటోగ్రాఫరన్నది ఉత్త బడాయి. డయల్ మీద ఏ (A) అనో ఏవీ (Av) అనో ఉన్నచోట పెట్టు. అక్కడ అపర్చర్, అంటే లెన్సు ఎంత తెరుచుకోవాలన్నది, నువ్వు చెప్తావు, షటర్ సంగతి కెమెరా చూసుకుంటుంది. ఒక్క మనిషైతే లెన్సు బాగా తెరువు, పగటిపూట గ్రూపు ఫోటో అయితే ఎఫ్ 8 పెట్టు. ఫోకస్ పాయింటు ఒక్కటే ఉంచి కంటి మీద పెట్టు. కెమెరా ఇష్టానికి వదిలేస్తే అది దగ్గరగా ఏది ఉంటే దాన్ని పట్టుకుంటుంది, నువ్వు పంపిన వాటిలో ముక్కుపుడకలు భలే స్పష్టంగా వచ్చాయి! చిన్నపిల్లల్ని తీసేటప్పుడు మోకాళ్ళ మీద కూర్చో. నొక్కేముందు తల వెనక ఏముందో ఒక్కసారి చూడు. పెళ్ళికొడుకు నెత్తిలోంచి కరెంటు స్తంభం మొలిచిన ఫోటో ఒకటి నా ఖాతాలో కూడా ఉంది.

నువ్వు ఇంతవరకూ అడగని విషయం ఒకటుంది, త్వరలోనే అడుగుతావు. తెల్లవి తెల్లగా ఎందుకు రావని. కెమెరాలో వెలుగు కొలిచే మీటరుకి రంగులు తెలియవు. దాని ఎదురుగా ఏది పెట్టినా అది ఒక మోస్తరు బూడిద రంగనుకుని లెక్క కడుతుంది. మన కాలవ గట్టున గేదె మీద కొంగ నిలబడుతుంది చూడు, దగ్గరికెళ్ళి ఫ్రేము నిండా కొంగనే పెట్టి తీస్తే బూడిదలో పొర్లిన కొంగ వస్తుంది. ఫ్రేము నిండా గేదెని పెడితే నల్లటి గేదె వెలిసిపోయిన గోనెసంచిలా వస్తుంది. అందుకని కెమెరా మీద ప్లస్, మైనస్ అని ఒక బటన్ ఉంటుంది. కొంగకి ప్లస్ 1, గేదెకి మైనస్ 1. రెండూ సగం సగం ఉంటే దాని జోలికి పోకు. ఈ చిన్న సంగతి తెలియక మధుపర్కాలు కట్టుకున్న వధూవరుల్ని మాసిన బట్టల్లో నిలబెట్టినట్టు తీసినవాళ్ళని చాలామందిని చూశాను.

పెళ్ళి అంటే గుర్తొచ్చింది, నీకెప్పుడూ చెప్పలేదు. 1989 మాఘమాసంలో, మనకి దగ్గర ఊళ్ళోనే, తెల్లవారుజాము ముహూర్తం. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తీశాను, తెర దించినప్పుడు తీశాను, తలంబ్రాలు తీశాను. కౌంటరు 36 దాటి 38 చూపిస్తోంది, అయినా రీలుని ముందుకు జరిపే లీవరు సుతారంగా తిరుగుతూనే ఉంది. అప్పుడు వీపంతా చల్లబడింది. రీలు కొస పళ్ళచక్రానికి పట్టుకోలేదు. ఒక్క ఫోటో పడలేదు. రీలు వెనక్కి చుట్టే పిడి లీవరుతో పాటు తిరుగుతోందో లేదో మొదట్లోనే ఒకసారి చూసుకుంటే తెలిసిపోయేది, నిద్రమత్తులో చూడలేదు.

పెళ్ళికూతురి తండ్రికి చెప్పక తప్పలేదు. ఆయన కాసేపు నన్ను చూసి, "ముందు భోంచెయ్యి బాబూ" అన్నాడు. తిట్టినా బాగుండేది. మధ్యాహ్నం వాళ్ళిద్దర్నీ మళ్ళీ కూర్చోబెట్టి నెత్తిన చేతులు పెట్టించి తీశాను. జీలకర్ర బెల్లం ఎండి జుట్టుకి అతుక్కుపోయి ఉంది. ఆ అమ్మాయి నవ్వింది కూడా, కానీ తెల్లవారుజామున నేను కెమెరాలోంచి చూసిన ముఖం అది కాదు. ఆ ఆల్బమ్‌కి డబ్బులు తీసుకోలేదు.

నీకు రీళ్ళ గొడవ లేదు, కార్డు గొడవ ఉంది. కార్డు లేకుండానే ఫోటో తీస్తున్నట్టు క్లిక్‌మనే సెట్టింగు చాలా కెమెరాల్లో ఉంటుంది. మెనూలో వెతికి దాన్ని ఆపెయ్, కార్డు లేకపోతే నొక్కినా పలకకూడదు. బయల్దేరేముందు ఒకటి తీసి, తెరిచి చూసుకో. ఇంటికొచ్చాక ఫోటోలు రెండు చోట్ల దాచిన తర్వాతే కార్డుని కెమెరాలోనే ఫార్మాట్ చెయ్. నాకు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది పిండేసి పంపుతుంది, డాక్యుమెంట్‌గా పంపు. 212 పంపకు. పది పంపు. ఆ పది ఏరుకోవడానికి నీకు గంట పట్టాలి.

నువ్వుండే హైదరాబాదులోనే ఆరో నిజాం కొలువులో రాజా దీన్‌దయాళ్ అని ఆస్థాన ఫోటోగ్రాఫరు ఉండేవాడు. 1905లో పోయాడు. ఆయన కాలంలో గాజు పలకల మీద తీసేవారు, పలకకి ఒక ఫోటో. పలకలు మోసుకుంటూ, స్టాండు వేసుకుని, నల్లగుడ్డలో తలదూర్చి తీసిన ఆ కోటలూ దర్బార్లూ చూడు, దొరికితే పెద్ద సైజు ప్రింటులో చూడు. తొందరపడి తీసినట్టు ఒక్కటీ కనపడదు.

సామాను గురించి కొంచెం. ఇది నువ్వు మన ఊరు వచ్చినప్పుడు ముఖ్యం. ఇక్కడి చెమ్మకి లెన్సులో బూజు పడుతుంది. సాలెగూడులా సన్నటి దారాలు లోపల గాజుకి అంటుకుంటాయి, ముదిరితే గాజు మీద మచ్చ మిగిలిపోతుంది. తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచావంటే దానికి పండగే. గాలి చొరబడని ప్లాస్టిక్ డబ్బా కొని అందులో సిలికా జెల్ వెయ్, రంగు మారినప్పుడు వేడి చేస్తే మళ్ళీ పనికొస్తుంది. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరైనా చెప్తే వినకు, తవుడు దుమ్మంతా లోపలికి పోతుంది. ఏసీ గదిలోంచి ఒక్కసారిగా బయటికి తీస్తే లెన్సు చెమర్చుతుంది, అరగంట బ్యాగులోనే ఉండనీ. దుమ్ము పడితే బ్లోయరుతో ఊదు. చున్నీతో తుడిచావని తెలిసిందో, ఇక్కడినుంచే అరుస్తాను.

మనుషుల్ని అడిగి తియ్యి. పూలమ్మే ఆవిడో, ఇస్త్రీ బండి అతనో వద్దంటే నవ్వి వచ్చెయ్. "ఫోటో ఇస్తానమ్మా" అని మాటిస్తే మాత్రం ప్రింటు వేయించి తీసుకెళ్ళి చేతికివ్వాలి. ఇస్తానని చెప్పి మాయమైన ఫోటోగ్రాఫర్ల వల్లే తర్వాత వెళ్ళినవాడికి తిట్లు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఆటపాక వెళ్దాం, కొల్లేరు పెలికాన్లని చూద్దాం అన్నావు. వెళ్దాం, కానీ కళ్ళతో చూడ్డానికే. నీ లెన్సుతో తీస్తే పెలికాన్ ఆవగింజంత వస్తుంది, మళ్ళీ లెన్సు పాట మొదలెడతావు. అంతకంటే మన ఇంట్లోనే ఒక పని ఉంది. ఊళ్ళో సగం మందికి ఫోటోలు తీసిన నా దగ్గర మీ అమ్మది సరైన ఫోటో లేదు. ఉన్నవన్నీ గుళ్ళ ముందు బిగుసుకుపోయి నిలబడ్డవీ, పాస్‌పోర్టు సైజువీ. భోగి మర్నాడు ఉదయం ఏడున్నర దాటాక వసారాలోకి ఏటవాలుగా ఎండ వస్తుంది. ఆ టైముకి ఆవిడ స్తంభానికి ఆనుకుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉంటుంది. నువ్వు మెట్టు మీద కూర్చో. నీడ వైపు థర్మోకోల్ నేను పట్టుకుంటాను. ఆవిడకి ముందుగా చెప్పకు, చెప్తే పట్టుచీర కట్టుకుని వచ్చి నిటారుగా కూర్చుంటుంది.

మీ నాన్న