ఆలస్యమైన మండపాలు, స్టోన్‌హెంజ్‌లో చూసిన అతుకు

మా శిల్పశాలకు పని అప్పగించిన అందరికీ నమస్కారం.

మే నెలలో నేను 24 రోజులు ఆళ్లగడ్డలో లేను. ఇంగ్లండులోని రెడింగ్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. నేను లేకపోయినా పని ఆగదని బయలుదేరే ముందు మీలో కొందరికి చెప్పాను. ఆగింది. చెక్కడం నడిచింది గానీ, అతుకులు సరిచూడడం ఇంకెవరికీ అప్పగించి వెళ్లలేదు. అందువల్ల మూడు మండపాలు, ఒక ద్వారబంధం ఇంకా శాలలోనే ఉన్నాయి. తప్పు నాది. ఆ నలుగురికీ ఈ వారంలో నేనే ఫోను చేసి కొత్త తేదీలు చెబుతాను.

అంతకంటే పెద్ద మాట ఒకటి మీకు చెప్పాలి.

అక్కడ ఉండగా ఒక శనివారం ఇంటిల్లిపాదీ కారులో స్టోన్‌హెంజ్ చూడటానికి వెళ్లాం. పెద్ద పెద్ద రాళ్లను వలయంగా నిలబెట్టి, వాటి మీద రాతి దూలాలు పెట్టిన పురాతన కట్టడం అది. టికెట్లు ఇచ్చే చోటికీ రాళ్లకూ మధ్య రెండు కిలోమీటర్లకు పైగా దూరం, బస్సులో తీసుకువెళతారు. రాళ్లను ముట్టుకోనివ్వరు, తాడు కట్టిన హద్దుకు ఇవతలి బాట మీద చుట్టూ తిరిగి చూడాలి. మైదానం మీది చలిగాలికి తట్టుకోలేక మా ఆవిడ, మనవడు అరగంటలో వెనక్కి వెళ్లిపోయారు. నేను సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను.

వాటిని నిలబెట్టి దాదాపు 4,500 ఏళ్లయింది. పెద్ద రాళ్లు ఒక్కొక్కటి సగటున 25 టన్నులు. అవి చాలావరకు 25 కిలోమీటర్ల అవతలి వెస్ట్ వుడ్స్ అనే అడవి నుంచి వచ్చినవని 2020లో రసాయన పరీక్షలు తేల్చాయి. అప్పటికి వాళ్ల చేతిలో ఇనుప ఉలి లేదు. అంత గట్టి రాయిని గుండ్రాళ్లతో కొట్టి కొట్టి చదును చేశారు.

నన్ను కదలనివ్వనిది మాత్రం వేరే. నిలిచి ఉన్న రాళ్లలో అన్నింటికంటే ఎత్తైన దాని మీద ఇప్పుడు దూలం లేదు, ఎప్పుడో కింద పడిపోయింది. అందుకే దాని నెత్తిన ఉన్న బుడిపె స్పష్టంగా కనిపిస్తుంది. దూలం అడుగున తొలిచిన గుంట ఆ బుడిపె మీద కూర్చునేది. ఈ పని చేసేవాడికే తెలుస్తుంది: ఒక బుడిపె మిగలాలంటే దాని చుట్టూ ఉన్న రాయినంతా కొట్టి కిందికి దించాలి. బయటి వలయంలోనైతే ఒక దూలం చివర పక్క దూలం గాడిలోకి దూరి కూర్చుంటుంది.

మా నాన్న స్తంభం మీద దూలాన్ని ఇలాగే కూర్చోబెట్టేవారు. నేను మానేశాను. నాలుగేళ్లుగా రెండింటికీ డ్రిల్లుతో రంధ్రాలు వేసి, స్టీలు కడ్డీ దించి, రసాయన జిగురు పోస్తున్నాం. రెండు రోజుల పని గంటలో అయిపోతుంది. అదైనా సరిగా చేశామా అంటే, తుప్పు పట్టని స్టీలు సమయానికి రాని రోజుల్లో ఆరు మండపాలకు మామూలు ఇనుప కడ్డీ వేశాం. జిగురులో మునిగి ఉంటుంది కదా, తడి తగలదు అనుకున్నాను. ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది, ఉబ్బి రాయిని చీలుస్తుంది. గత ఏడాది ఒక ఊరి గుడి మండపంలో స్తంభం పైభాగాన వెంట్రుకంత పగులు వచ్చిందని కబురు చేస్తే, అది రాతిలోని లోపమని చెప్పి పంపాను. రాతిలో లోపం లేదు. ఆ ఊరి పెద్దలను కలిసి ఈ మాట చెప్పి వచ్చాను.

ఆ ఆరు మండపాల దూలాలనూ దించి, కడ్డీలు తీసి, మళ్లీ మా ఖర్చుతోనే బిగిస్తాం. క్రేను ఖర్చు కూడా మాదే. పగులు వచ్చిన గుడితో మొదలుపెడతాం. ఇకపై చేసే మండపాలన్నింటికీ అతుకు రాతిలోనే తీస్తాం. దానివల్ల ఒక్కో స్తంభానికి రెండు రోజుల కూలి పెరుగుతుంది, ఆ మేరకు ధర కూడా పెరుగుతుంది. ఇప్పటికే బయానా ఇచ్చినవారికి పాత ధరే.

అతుకు బాగున్నంత మాత్రాన రాయి నిలవదు. స్టోన్‌హెంజ్‌లోనే రెండు నిలువు రాళ్లు, వాటి దూలం 1797లో కూలితే 1958లో తిరిగి నిలబెట్టారు. గత శతాబ్దంలో చాలా రాళ్ల మొదళ్లకు కాంక్రీటు పోశారు. కాబట్టి పునాదిని నేను స్వయంగా వచ్చి చూశాకే మీ స్థలంలో రాయి ఎక్కిస్తాం.

ఈ నాలుగేళ్లలో మా దగ్గర మండపం చేయించుకున్నవారు దూలం కింది అతుకును ఒకసారి చూడండి. అక్కడ గోధుమ రంగు మరక గానీ, సన్నని గీత గానీ కనిపిస్తే ఫొటో తీసి పంపండి. ఆ వారంలోనే వస్తాను.