తీర్మానాల పుస్తకం చదవడం నేర్పిన ఉపకార వేతనానికి కృతజ్ఞతలు

గత నెలలో న్యాయవాదిగా నా పేరు నమోదయింది. ఆ రోజే రాయవలసిన ఈ నాలుగు మాటలు ఇంత ఆలస్యంగా రాస్తున్నందుకు ముందుగా క్షమాపణ చెప్పుకుంటున్నాను.

అనంతపురంలో దాదాపు నలభై ఏళ్లు గ్రామ పంచాయతీల తరఫున వాదించి, కొన్నేళ్ల క్రితం కాలం చేసిన ఒక న్యాయవాది జ్ఞాపకార్థం ఆయన కుటుంబం ఏటా ఒకరిద్దరు విద్యార్థులకు ఉపకార వేతనం ఇస్తున్నది. మూడేళ్ల లా కోర్సులో చివరి రెండేళ్లు నేను దాని మీదే చదివాను. స్థానిక సంస్థల్లో ఉద్యోగిగా గానీ, వాటి తరఫు న్యాయవాదిగా గానీ పనిచేయాలనే ఆసక్తి ఉన్నవారికి మాత్రమే ఇది ఇస్తారు. నలుగురిలో కృతజ్ఞతలు చెప్పుకుంటానని అడిగినప్పుడు, పేర్లు రాయకూడదన్న ఒక్క షరతు మీద ఆ కుటుంబం ఒప్పుకున్నది. జ్ఞాపకార్థం ఇస్తూ పేరు వద్దనడమేమిటో నాకు ఇప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు గానీ, వారి మాట ప్రకారం ఆయనను వకీలు గారనీ, ఆయన భార్యను మేమందరం పిలిచినట్టే అమ్మగారనీ రాస్తాను.

మాది కళ్యాణదుర్గం వైపు ఒక చిన్న ఊరు. మా నాయనకు ఉన్న మెట్టపొలంలో శెనక్కాయ తప్ప వేరే పంట ఎరుగం. 2023 ఖరీఫ్‌లో కాయ పట్టే ఊడలు నేలలోకి దిగే సమయానికి వాన ముఖం చాటేసింది. చేనులో కాయ లేదు, ఇంట్లో నా రెండో ఏడాది ఫీజుకు డబ్బు లేదు. కోర్టు ఎదురుగా ఉన్న జిరాక్సు దుకాణం గోడకు అంటించిన కాగితంలో ఈ ఉపకార వేతనం సంగతి చూసి, దరఖాస్తు గడువు ముగియడానికి రెండు రోజుల ముందు రాసి పంపాను. పంచాయతీల మీద ఆసక్తి ఎందుకు కలిగిందో ఒక పేజీలో తెలుగులోనే రాయాలన్నారు. మిగతావారు ఏం రాశారో తెలియదు గానీ, నేను మా అమ్మ గురించి రాశాను.

మా అమ్మ వార్డు సభ్యురాలు. 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు ముగిశాక 2021 ఫిబ్రవరి ఎన్నికల దాకా మా ఊళ్లు ప్రత్యేకాధికారుల పాలనలో ఉన్నాయి. ఆ ఎన్నికల్లో మా వార్డు మహిళలకు రిజర్వు అయింది. రాజ్యాంగంలోని 243-డి అధికరణం మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా స్థానాలు ఉండాలంటే, మన రాష్ట్ర చట్టం సగం ఇచ్చింది. అలా మా అమ్మ గెలిచింది. అయితే ఆమె వెళ్లిన సమావేశాలు బహు తక్కువ. నెలకో రెండు నెలలకో ఒక మనిషి, పంచాయతీ సమావేశాల్లో చేసిన నిర్ణయాలు రాసే తీర్మానాల పుస్తకం పట్టుకుని ఇంటికి వచ్చేవాడు, ఆమె పొయ్యి దగ్గర నుంచి లేచి చేయి తుడుచుకుని వేలు చూపించిన చోట సంతకం పెట్టేది. ఒకసారి నేను ఇంటి దగ్గర ఉన్నప్పుడు చూశాను. సంతకాల పైన పేజీ సగం ఖాళీగా ఉంది. దరఖాస్తులో ఆ ఖాళీ గురించే రాశాను.

పాతూరులోని వారి ఇంట్లో అమ్మగారు, ఆమె కుమారుడు, వకీలు గారి దగ్గర మొదటి నుంచీ పనిచేసిన గుమాస్తా కూర్చుని నన్ను ప్రశ్నలడిగారు. పంచాయతీలకు రాజ్యాంగంలో చోటు ఇచ్చిన 73వ సవరణ గురించి అడుగుతారని 1993 ఏప్రిల్ 24 అమలు తేదీ మొదలుకొని, పంచాయతీలకు అప్పగించదగ్గ పనులను చెప్పే పదకొండో షెడ్యూలులోని 29 అంశాల దాకా వల్లె వేసుకుని వెళ్లాను. అమ్మగారు అడిగినది ఒకటే: "మీ ఊరి పంచాయతీకి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందమ్మా?" నేను ఇంటి పన్ను అన్నాను, తరువాత ప్రభుత్వం అన్నాను, ఆ పైన నోరు పెగల్లేదు. బయటికి వచ్చి బస్సెక్కేటప్పుడు ఇక ఇది రాదనుకున్నాను. వారం తరువాత వచ్చిందన్న కబురుతో పాటు, ఆ ప్రశ్నకు జవాబు ఏడాదిలోగా రాసి ఇవ్వాలన్న సూచన కూడా వచ్చింది.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే వారు కూడా దాన్ని అలాగే చూశారు. రెండేళ్ల ఫీజు నేరుగా కాలేజీకి కట్టారు. పుస్తకాలకూ గది అద్దెకూ ఇచ్చినది నా ఖాతాలో వేశారు. ఒక్కసారి కూడా ఆలస్యం కాలేదు, రసీదులు అడగలేదు. అడిగినదల్లా పని. ఎంపికైన విద్యార్థి తన సొంత ఊరు కాని ఒక పంచాయతీ కార్యాలయంలో 21 రోజులు కూర్చోవాలి, ఏ రోజుకా రోజు డైరీ రాయాలి, ఒక గ్రామసభకు హాజరు కావాలి. ఆ డైరీని గుమాస్తా గారు చదివి దిద్దుతారు. ఇది చిన్న పని కాదని అనుభవించినవారికే తెలుస్తుంది. నా మొదటి ఐదు రోజుల రాతను ఆయన ఎర్ర పెన్నుతో కొట్టివేసి, "పత్రికలో వేసేదానికి రాసినావా, కోర్టులో చూపించేదానికి రాసినావా?" అని తిప్పి పంపారు.

డెబ్బై దాటిన ఆ పెద్దాయన దగ్గర నేను నేర్చుకున్నది ఏ తరగతి గదిలోనూ దొరకలేదు. ఆయన గుమాస్తాగా చేరేనాటికి 1964 నాటి గ్రామ పంచాయతీల చట్టం నడుస్తోంది. పైన పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు 1959 చట్టం కింద ఉండేవి. మన జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లోనే, రాజస్థాన్ తరువాత రెండో రాష్ట్రంగా మనం ఊరు, సమితి, జిల్లా అనే ఆ మూడంచెల ఏర్పాటును తెచ్చుకున్నామని గుమాస్తా గారు కొంచెం గర్వంగానే చెబుతారు. తరువాత 1986లో సమితులు పోయి మండల పరిషత్తులు వచ్చాయి. ఆ తరువాత వచ్చినది 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం. మూడు తరాల చట్టాల కింద కట్టిన కేసుల కట్టలు ఆ ఇంటి వెనుక గదిలో, ఊళ్ల పేర్లు రాసిన అట్టలతో, ఇప్పటికీ వరుసగా ఉన్నాయి.

వకీలు గారి దగ్గరికి ఏ సర్పంచ్ వచ్చినా వకాల్తా మీద సంతకం పెట్టించుకునే ముందు "తీర్మానాల పుస్తకం తెచ్చినారా?" అని అడిగేవారట. తేకపోతే మజ్జిగ ఇచ్చి మరుసటి బస్సుకు పంపించేవారట. ఆ పుస్తకాన్ని ఎలా చదవాలో గుమాస్తా గారు నాకు మూడు సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పారు. "పాపా, సంతకాలు చూసేది చివర. ముందు తేదీ చూడు, ఆ తేదీకి ముందు సభ్యులకు నోటీసు పోయిందా చూడు, కోరం, అంటే సమావేశానికి చాలినంతమంది సభ్యులు ఉన్నారా చూడు, ప్రతిపాదించిందెవరు, బలపరచిందెవరు చూడు. రాత అయిపోయినాక సంతకాలకు మధ్య ఖాళీ ఉంటే, తరువాత ఎవరూ ఏమీ చేర్చకుండా అడ్డగీత కొట్టినారా చూడు." పోరంబోకులో ఆక్రమణ తొలగించిన పంచాయతీ, ఆక్రమణ నిజమే అయినా, నోటీసు ఇచ్చినట్టు కాగితం లేక ఓడిపోయిన కట్ట ఒకటి నా ముందు పెట్టారు. గెలవవలసిన కేసు ఓడిపోవడానికి ఒక కాగితం లేకపోవడం చాలునని నాకు అప్పుడే తెలిసింది.

నా 21 రోజులు 2024 ఆగస్టులో పడ్డాయి. ఆ కార్యాలయంలోని కార్యదర్శి అన్నకు ఎంత రుణపడి ఉన్నానో చెప్పలేను. చెత్త బండి రిపేరు, బోరు మోటారు కాలిపోవడం, పింఛను గొడవ, పైనుంచి ఫోను, ఇవన్నీ ఒకే గంటలో మీద పడుతున్నా, ప్రతి మధ్యాహ్నం ఒక రిజిస్టరు తెరిచి నా ముందు పెట్టి వివరించేవాడు. అమ్మగారి ప్రశ్నకు జవాబు అక్కడే దొరికింది. ఇంటి పన్ను, కుళాయి రుసుము, సంత వేలం, ఇవి పంచాయతీ సొంతంగా రాబట్టుకునేవి. వీటి వెనుక అప్పట్లో కేంద్రం నుంచి 15వ ఆర్థిక సంఘం నిధులు వచ్చేవి, అయితే 2021 నుంచి వాటిలో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టుబడి ఉండేవి. మిగిలిన 40 శాతం మీదే పాలకవర్గానికి ఎంపిక ఉండేది. ఊళ్లో రచ్చకట్ట మీద కూర్చున్నవాళ్లు "లక్షలొస్తాయంట, ఏం చేస్తున్నారో" అనుకునే డబ్బులో ఎంతకు చేతులు కట్టేసి ఉన్నాయో ఆ లెక్క చూస్తే గానీ తెలియదు.

ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. నేనున్న ఊళ్లో వేపచెట్టు కింద జరిగింది. ఉపాధి హామీ పనుల జాబితా చదవగానే, వెనుక వరుసలో కూర్చున్న ఒక అక్క లేచి, మా వీధికి పైపు వేసినారు గానీ నీళ్లు రాలేదు, అది కూడా రాసుకోండి అన్నది. ఇది ఈ రోజు అజెండాలో లేదని ఎవరో అన్నారు. సర్పంచ్ ఒక నిమిషం ఆలోచించి, అజెండాలో లేకపోయినా అడిగినట్టు రాయమన్నారు. కార్యదర్శి అన్న ఆ వాక్యం రాశాక కలం నాకిచ్చి, రాత కిందనున్న ఖాళీకి నన్నే అడ్డగీత కొట్టమన్నాడు. తాగునీరు పదకొండో షెడ్యూలులో పదకొండో అంశమని నాకు ఎప్పుడో తెలుసు. ఆ అక్కకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఆమె మాట పుస్తకంలోకి ఎక్కిందా లేదా అన్నది చూడవలసినవాళ్లు మాత్రం ఒకరుండాలి.

రెండో ఏడాది కూడా ఇస్తామన్నప్పుడు ఈసారి ఏం చదవాలనుకుంటున్నావని అమ్మగారు అడిగారు. పాలకవర్గాన్ని దించే నిబంధనలు చదువుతానన్నాను. ప్రజలు నేరుగా ఎన్నుకున్న సర్పంచ్ మీద అవిశ్వాస తీర్మానం పెట్టే వీలు మన పంచాయతీరాజ్ చట్టంలో లేదనీ, 245వ సెక్షను కింద ఆ వీలున్నది ఉపసర్పంచ్, మండలాధ్యక్షుడు, జిల్లా పరిషత్ చైర్‌పర్సన్ వంటివారి మీదేననీ, మా ఊళ్లో పదేళ్లుగా అవిశ్వాసం అవిశ్వాసమని బెదిరించుకునేవాళ్లలో ఒక్కరికీ తెలియదు. ఆ ఏడాది నేను రాసిన పన్నెండు పేజీల తెలుగు వివరణను అమ్మగారి కుమారుడు సొంత ఖర్చుతో ప్రతులు తీయించి, అడిగిన పంచాయతీలకు ఇచ్చారు. దానికి కూడా ఆయనకు వేరుగా కృతజ్ఞతలు చెప్పుకోవాలి.

మరికొందరి పేరు లేకుండానే చెప్పుకుంటాను. డైరీ పేజీలను సగం ధరకు జిరాక్సు తీసిన దుకాణం అన్న, నేను ఆలస్యంగా వచ్చిన రాత్రుళ్లు అన్నం మూతపెట్టి ఉంచిన గది యజమానురాలు, నా ఇంగ్లీషు డ్రాఫ్టింగును ఓపికగా దిద్దిన సీనియర్ మేడమ్ లేకపోతే ఈ రెండేళ్లు గట్టెక్కేవి కావు. ఇంకొక ఋణం నేను ఎన్నడూ చూడనివారిది. పేరు నమోదుకు కొన్ని రాష్ట్రాల్లో వేల రూపాయలు వసూలు చేస్తున్న రోజుల్లో, న్యాయవాదుల చట్టం చెప్పిన దానికి మించి, అంటే జనరల్ అభ్యర్థుల నుంచి 750, ఎస్సీ ఎస్టీల నుంచి 125 రూపాయలకు మించి నమోదు రుసుము తీసుకోరాదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవారికి అనంతపురంలో ఒక శెనక్కాయ రైతు కూతురు కూడా దండం పెట్టుకున్నదని తెలిసే అవకాశం లేదు, అయినా రాస్తున్నాను.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. కిందటి సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు పుస్తకం పట్టుకుని ఆ మనిషి మళ్లీ వచ్చాడు. మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "చదివి వినిపించప్పా, విన్నాక పెడతా" అన్నది. ఆ పేజీలో నాలుగు తీర్మానాలుంటే మూడింటికి పెట్టింది, నాలుగోది సమావేశంలో మాట్లాడతానన్నది. మాట్లాడిందట కూడా. ఏమైందో రాయను, అది వారి పంచాయతీ వ్యవహారం.

ఇప్పుడు నేను ఒక సీనియర్ దగ్గర చేరాను. జిల్లా పంచాయతీ అధికారి, మునిసిపల్ కమిషనర్ పోస్టులుండే గ్రూప్-1కు కూడా చదువుతున్నాను. ఏ దారి ముందు తెరుచుకుంటుందో చూడాలి.

ఉపకార వేతనంతో పాటు వకీలు గారి సొంత చట్టం పుస్తకం ఒకటి, చదువు పూర్తయ్యేదాకా వాడుకోమని ఇస్తారు. అట్ట చిరిగి రెండుసార్లు కుట్టించినది. దానికి ముందు జత చేసిన రాజ్యాంగ అధికరణాల్లో, 243-జి దగ్గర, పంచాయతీలకు అధికారాలు రాష్ట్రాలు ఇవ్వవచ్చు అనే అర్థం వచ్చే 'మే' అన్న ఇంగ్లీషు మాట కింద ఆయన పెన్సిలుతో గీత గీసి, పక్కన తెలుగులో "ఇవ్వకపోతే?" అని రాసుకున్నారు. నాకంటే ముందు చదివిన విద్యార్థులు దాని కింద చిన్న అక్షరాలతో తమ తమ జవాబులు రాశారు, ఒకదానితో ఒకటి పొసగనివి. నేను కూడా ఒక వాక్యం రాశాను. ఈ ఆదివారం ఆ పుస్తకం పాతూరుకు తీసుకువెళ్లి అమ్మగారి చేతికి ఇస్తున్నాను, ఈ ఏడాది ఎంపికైన తమ్ముడు ఒకడు దానికోసం ఎదురుచూస్తున్నాడట.