అభిప్రాయాలు అడిగి అటకెక్కించిన ప్రివ్యూ కార్యక్రమంపై ఫిర్యాదు

పర్లాకిమిడి,
గజపతి జిల్లా, ఒడిశా.

కార్యక్రమ నిర్వహణ విభాగాధిపతి గారికి,
విశాఖపట్నం.

విషయం: ప్రతినిధుల అభిప్రాయ పత్రాలకు జవాబివ్వకపోవడం, నా మాటలను కత్తిరించి ప్రచారానికి వాడుకోవడం, సినిమాపై నేను రాసిన అభిప్రాయాన్ని పంపిణీదారుకు చేరవేయడం గురించి.

అయ్యా,

రాబోయే సినిమాలను థియేటర్ల వాళ్లకు ముందుగా చూపించడానికి మీ సంస్థ విశాఖపట్నంలో పెట్టే ప్రివ్యూ కార్యక్రమానికి కిందటి ఏడాదీ, ఈ ఏడాదీ రుసుము కట్టి హాజరయ్యాను. మళ్లీ రమ్మంటూ మొన్న మీ ఆహ్వాన పత్రం అందింది. నున్నటి కాగితం, రంగుల అచ్చు. రెండో పేజీలో మా థియేటరు పేరు కింద ఒక వాక్యం వేశారు: "సినిమాల ఎంపిక చాలా బాగుంది." ఆ మాట నేను రాసిందే. అయితే నేను అక్కడ ఆపలేదు. "సినిమాల ఎంపిక చాలా బాగుంది కానీ, వాటిని పూర్తిగా చూపించకుండా ముక్కలు చూపించి అడ్వాన్సులు అడగడం బాగాలేదు" అని రాశాను. సరిగ్గా "కానీ" ముందు మీ కత్తెర పడింది. సెన్సారు బోర్డు వాళ్లు కూడా ఎక్కడ, ఏది, ఎందుకు తీసేయమంటున్నారో కాగితం మీద పెట్టి చెబుతారు. మీరు ఆ పాటి మర్యాద కూడా పాటించలేదు.

మీ అభిప్రాయ పత్రం గురించి ముందు చెప్పాలి. నవ్వు ముఖం నుంచి ఏడుపు ముఖం వరకు ఐదు బొమ్మలు, వాటి పక్కన టిక్కు పెట్టే గడులు, అట్టడుగున "ఇతర సూచనలు" అని రెండు చుక్కల గీతలు. కిందటి ఏడాది అది కూడా అందరూ సంచులు సర్దుకుని బయటపడే వేళ గుమ్మం దగ్గర చేతిలో పెట్టారు. ఆ రెండు గీతల్లో నా మాటలు పట్టలేదు. కాగితం తిరగేసి వెనకవైపు నిండా రాశాను. ఇచ్చేముందు రెండు వైపులా ఫోనులో ఫోటో తీసుకున్నాను కాబట్టి ఏం రాశానో నాకు గుర్తుండటమే కాదు, నా దగ్గర రుజువు కూడా ఉంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే తెలుస్తుంది. సినిమా అలా కాదు. ఒక పాట, ఒక పోరాటం, హీరో తెర మీదికి వచ్చే సన్నివేశం చూపించి, దీపాలు వెలిగించి, పక్క గదిలో బుకింగ్ బల్లలు వేస్తే మేం దేన్ని నమ్మి డబ్బు కట్టాలి? నిడివి ఎంతో చెప్పరు. ఇంటర్వెల్ ఎక్కడ పడుతుందో చెప్పరు. సినిమా మూడు గంటలు దాటితే నాలుగు ఆటల మధ్య హాలు ఊడ్చే వ్యవధి కూడా ఉండదు. మా ఊళ్లో సెకండ్ షోకి చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చే వాళ్లుంటారు. ఆట ఆలస్యమైతే ఇంటికెలా చేరాలా అని క్లైమాక్స్‌కు ముందే లేచిపోతారు. సినిమాకు ఏ సెన్సారు సర్టిఫికెట్ వస్తుందో ఎవరికీ తెలియని దశలో మీరు ముక్కలు చూపిస్తే అర్థం చేసుకోగలను. విడుదల తేదీ ప్రకటించిన సినిమాకైనా పూర్తి ప్రదర్శన వేయమని అడిగాను. జవాబు లేదు. ఈ ఏడాది ముక్కలు ఇంకా చిన్నవయ్యాయి.

శబ్దం గురించి కూడా రాశాను. మీరు ఎంచుకున్న హాలులో పైకప్పు నుంచి కూడా శబ్దం వచ్చే అట్మాస్ ఉంది. మా హాలులో అంతకంటే సాదా ఏర్పాటైన 5.1 ఉంది. సౌండ్ ప్రాసెసర్‌లో శబ్దాన్ని పెంచే, తగ్గించే ఫేడరు 7 దగ్గర ఉంటే ప్రామాణిక స్థాయి అంటారు. చాలా హాళ్లలో జనం చెవులు మూసుకుంటారని 5కో, ఇంకా కిందికో దించి నడుపుతాం. మీరు ఎంత దగ్గర పెట్టి వేశారో చెబితే, మా దగ్గర సంభాషణలు నేపథ్య సంగీతంలో మునిగిపోతాయో లేదో ఒక అంచనాకు రాగలం. ఆ ఒక్క అంకె చెప్పడానికి మీకు పైసా ఖర్చు లేదు. "శబ్ద నాణ్యత" అన్న గడిలో నవ్వు ముఖానికి టిక్కు పెట్టించుకుంటే మాకు ఒరిగేదేమీ లేదు.

ఇక అసలు మా సరిహద్దు బాధ. పక్కనే ఉన్న పాతపట్నం శ్రీకాకుళం జిల్లా, మాది గజపతి జిల్లా. సినిమా అదే, భాష అదే, రాష్ట్రం వేరు. మీ టికెట్ ధరల సదస్సులో మొదటి నుంచి చివరి దాకా ఆంధ్రప్రదేశ్ జీవోల మీదే ప్రసంగం నడిచింది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన 35వ నంబరు జీవో, దాని మీద గొడవ, 2022 మార్చిలో వచ్చిన 13వ నంబరు జీవో, పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో ధర పెంచుకునే అనుమతులు. అవన్నీ తెలుసుకోదగ్గవే. కానీ అక్కడ అనుమతించిన పెంపు మాకు వర్తించదు. ఆ పెంపును లెక్కలో వేసుకుని పంపిణీదారు అడిగే మినిమం గ్యారంటీ (సినిమా ఆడినా ఆడకపోయినా కట్టాల్సిన సొమ్ము) మాత్రం మా మీదా పడుతుంది. పర్లాకిమిడి, రాయగడ, బరంపురం, జయపురం హాళ్ల వాళ్ల కోసం ఒక అరగంట కేటాయించమని అడిగాను. మీ విడుదలల క్యాలెండరులో సంక్రాంతి ఉంది, దసరా ఉంది. జూన్ మధ్యలో మూడు రోజులు ఒడిశా అంతా జరుపుకునే రజ పండుగ లేదు. ఆ రోజుల్లో మా ఊళ్లో హాలు ఏ సినిమాకు ఇవ్వాలన్నది మాకు పెద్ద బేరం. తెలుగు సినిమా పోస్టరు ఒడియా అక్షరాల్లో కూడా అచ్చువేసి ఇస్తే మా ప్రేక్షకుల్లో సగం మందికి చేరుతుందని కూడా రాశాను.

అదే సదస్సులో జీఎస్టీ పట్టిక ఒకటి తెర మీద చూపించారు. అందులో వంద రూపాయల టికెట్టుకు 12 శాతం అని ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి వంద, అంతకు లోపు టికెట్లపై అది 5 శాతం. వంద దాటితేనే 18 శాతం. మా బోటి హాళ్లకు ఆదాయమంతా వంద లోపు టికెట్లదే కాబట్టి ఇది చిన్న పొరపాటు కాదు. ఆ పత్రంలో రాసిందే కాక, వేదిక దిగిన మీ మనిషితో నోటితో కూడా చెప్పాను. తల ఊపారు. తర్వాతి వారం ప్రతినిధులందరికీ మీరు పంపిన ఫైలులో అదే పట్టిక, అదే 12.

ఫోన్ల సంగతి వేరే. దొంగ కాపీ జరగకుండా ఫోన్లను సంచుల్లో వేసి సీలు చేయడాన్ని నేను తప్పుపట్టను. పైరసీతో మునిగేది మేమే. కానీ మీరు కార్యక్రమం గురు, శుక్రవారాల్లో పెట్టారు. శుక్రవారం కొత్త బొమ్మ పడే రోజు. సినిమా హార్డ్ డిస్కులో ముందే చేరినా, దాన్ని తెరిచే డిజిటల్ తాళంచెవి, అంటే కేడీఎం, అందకపోతే తెర మీద ఏమీ పడదు. ఆ కీ ఒక్క సర్వరుకే పనిచేస్తుంది, ఫలానా సమయం నుంచి ఫలానా సమయం వరకే చెల్లుతుంది. ఆ రోజు వేరే హాలు సర్వరుకు తయారుచేసిన కీ మాకు వచ్చింది. మార్నింగ్ షోకి జనం కూర్చుని ఉన్నారు. మా ఆపరేటరు ఫోను మీద ఫోను చేస్తున్నాడు. నా ఫోను మీ సంచిలో మూగగా ఉంది. టీ విరామంలో సీలు తెరిపించుకునేసరికి అక్కడ టికెట్టు డబ్బులు తిరిగి ఇచ్చేస్తున్నారు. గుమ్మం దగ్గర ఒక ల్యాండ్ ఫోను పెట్టి ఆ నంబరు ముందే మాకు ఇవ్వండి, అవసరమైతే మీ మనిషి వచ్చి పిలుస్తాడు అని రాశాను. ఈ ఏడాదీ ఆ ఫోను లేదు, శుక్రవారం మాత్రం ఉంది. ఐదింటికి ముగుస్తుందని అచ్చువేసి ఏడు దాటించడమూ మారలేదు. మా ఊరి మీదుగా వెళ్లే గుణుపురం ప్యాసింజరు రైలు మా కోసం ఆగదు.

వీటన్నిటికీ నాకు వచ్చిన స్పందన ఒకే ఒక్క సందేశం: "మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు." అందరికీ అదే వచ్చిందని పక్క ఊరి హాలు యజమాని చెప్పాడు. ఆ తర్వాత "మీరు అడిగారు, మేం చేశాం" అని మీరు వేసిన పుటలో భోజనంలో పెరుగు వడ చేర్చడం, మెడలో వేసుకునే బిళ్లల తాడు మార్చడం కనిపించాయి. పెరుగు వడ బాగుంది, కాదనను. మొత్తం కార్యక్రమానికి ఐదుకు నాలుగు మార్కులు దాటి వచ్చాయని కూడా వేసుకున్నారు. మల్టీప్లెక్స్ సంస్థల నుంచి ఒక్కో దానికి ఒక జట్టే వస్తుంది, జట్టులో ప్రతి ఒక్కరూ ఒక పత్రం నింపుతారు. సింగిల్ స్క్రీన్ వాళ్లం వెనక వరసల్లో కూర్చుని తలా ఒకటి ఇస్తాం. అన్నీ కలిపి సగటు తీస్తే మా మాట ఆ అంకెలో ఎక్కడుంటుంది? పత్రంలో ఏ రాష్ట్రం, ఎన్ని తెరలు, ఎన్ని సీట్లు అన్న గడి ఒక్కటైనా లేదు. కాబట్టి ఎవరు దేనికి అసంతృప్తి చెందారో మీకే తెలిసే అవకాశం లేదు.

వీటికంటే నన్ను ఎక్కువ నొప్పించినది ఇంకొకటి ఉంది. ఒక సినిమా గురించి, "సెకండాఫ్ మా దగ్గర ఆడదు, అడ్వాన్సు తగ్గించాలి" అని ఆ పత్రంలో నిజాయితీగా రాశాను. పత్రం మీద "మీ వివరాలు గోప్యంగా ఉంచుతాం" అని ఉంది. కొద్ది రోజులకే పంపిణీదారు మనిషి ఫోను చేసి, "సెకండాఫ్ ఆడదన్నారటగా, అయితే ఈ సినిమా మీకెందుకు?" అని నా వాక్యాన్నే నాకు వినిపించాడు. మా పట్టణంలో ఆ సినిమా వేరే హాలుకు వెళ్లింది. మీరు పంపిణీదారుల దగ్గరా డబ్బు తీసుకుంటారు, మా దగ్గరా తీసుకుంటారు. అందులో తప్పు లేదు. కానీ మా చేత రహస్యమని చెప్పి రాయించుకున్నది బేరంలో అవతలి పక్షానికి అందించడాన్ని ఏమనాలో మీరే చెప్పండి. లాస్ వెగాస్‌లో జరిగే సినిమాకాన్ స్థాయి కార్యక్రమం అని ఆహ్వానంలో రాసుకున్నారు. దాన్ని అక్కడి థియేటర్ యజమానుల సంఘమే నడుపుతుంది. ముందు ఆ తేడా గమనించండి.

నేను అడిగినవన్నీ చేసి తీరాలని కోరడం లేదు. పూర్తి సినిమా వేయడానికి నిర్మాతలు ఒప్పుకోకపోవచ్చు. శుక్రవారం తప్ప హాలు దొరకకపోవచ్చు. "ఇది చేస్తాం, ఇది వచ్చేసారి చేస్తాం, ఇది ఫలానా కారణం వల్ల కుదరదు" అని ఒక కాగితం మీద రాసి, కార్యక్రమం ముగిసిన నెలలోగా ప్రతినిధులందరికీ పంపండి. కుదరదన్న జవాబు కూడా జవాబే. జీఎస్టీ పట్టిక లాంటి తప్పును మాత్రం నెల దాకా ఆపకుండా తెలిసిన రోజే సరిదిద్ది పంపాలి. సినిమా మీద అభిప్రాయానికీ కార్యక్రమం మీద అభిప్రాయానికీ వేర్వేరు పత్రాలు పెట్టండి. సినిమా పత్రాన్ని పంపిణీదారుకు ఇవ్వాల్సి వస్తే హాలు పేరు, ఊరు పేరు తీసేసి ఇవ్వండి. నా పత్రం ఎవరి చేతుల మీదుగా బయటికి వెళ్లిందో విచారించి రాతపూర్వకంగా తెలియజేయండి.

ఆహ్వాన పత్రంలోని నా వాక్యాన్ని పూర్తిగా వేయండి, లేదా మా థియేటరు పేరుతో సహా తొలగించండి. ఇప్పటికే ఆ పత్రం అందుకున్న వాళ్లకు సవరణ పంపండి. ఈ లేఖ అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే ఇదే లేఖను, జతచేసిన ఫోటోలతో సహా, సరిహద్దు పట్టణాల థియేటర్ యజమానులందరికీ పంపుతాను. వచ్చే కార్యక్రమానికి రుసుము కట్టే విషయం మీ జవాబు చూసి నిర్ణయించుకుంటాను.

ఇట్లు,
ఒక సింగిల్ స్క్రీన్ థియేటరు యజమాని,
పర్లాకిమిడి.

జతచేసినవి: అభిప్రాయ పత్రం రెండు వైపుల ఫోటోలు, ఆహ్వాన పత్రం రెండో పేజీ నకలు, మీరు పంపిన జీఎస్టీ పట్టిక, రుసుము రసీదులు.